యజమాని కల్పించే మందుల రక్షణ – ప్రభుత్వ ఆరోగ్య బీమా: ఎల్‌బీ నగర్ ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఆసుపత్రిలో చేరిన రోగి ఖర్చును ఎవరు భరించాలన్న విషయంపై మన దేశంలో చట్టాలు, పథకాలు, పాలసీలు అనేకం ఉన్నాయి. ఆసుపత్రిలో చేరకుండా నెలనెలా మందులు వాడే ఉద్యోగి విషయంలో ఆ స్పష్టత లేదు. ఉద్యోగరాజ్య బీమా (ఈఎస్‌ఐ), యజమానులు తీసుకునే గ్రూప్ ఆరోగ్య పాలసీలు, ఆరోగ్యశ్రీ, ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం – ఈ నాలుగూ ఒకే కుటుంబం విషయంలో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ ఒకదానినొకటి తోసిపుచ్చుతాయో ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు ఉద్యోగ జీవితం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఈఎస్‌ఐ, వేతన పరిమితి, గ్రూప్ ఆరోగ్య బీమా, ఆరోగ్యశ్రీ, వెల్‌నెస్ సెంటర్, ఔట్ పేషెంట్ మందులు, ఎల్‌బీ నగర్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు తూర్పు భాగంలో ఎల్‌బీ నగర్ కూడలి నుండి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మలక్‌పేట వరకు సాగే రహదారి వెంట దాదాపు అన్ని రకాల ఉద్యోగాలూ కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోని కోచింగ్ సంస్థల అధ్యాపకులు, కొత్తపేట వస్త్ర దుకాణాల అమ్మకపు సిబ్బంది, ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు, ఆర్‌టీసీ డిపోల కార్మికులు, వనస్థలిపురం కాలనీలలో స్థిరపడిన ప్రభుత్వోద్యోగులు, పింఛనుదారులు – వీరందరికీ మధుమేహమో రక్తపోటో వచ్చినప్పుడు డాక్టరు రాసే మందుల చీటీ ఒకే విధంగా ఉంటుంది. ఆ మందుల ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నకు సమాధానం మాత్రం ఉద్యోగాన్ని బట్టి మారుతుంది. కొన్నిసార్లు అదే ఉద్యోగంలో జీతం కొన్ని వందల రూపాయలు పెరిగినా మారిపోతుంది.

ఆరోగ్య బీమాపై జరిగే చర్చలో శస్త్రచికిత్సలు, పడకలు, ప్యాకేజీల ప్రస్తావన ఎక్కువ. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబు నుండి పెట్టిన భాగం 64.2 శాతం కాగా, 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల గణనీయమైనదే. అయితే దీర్ఘవ్యాధి ఉన్న ఇంటిలో ఈ మిగిలిన ఖర్చు ప్రధానంగా మందుల షాపులోనే జరుగుతుంది. బీమా పథకాల రూపకల్పనలో అతి తక్కువ శ్రద్ధకు నోచుకున్న చోటు కూడా అదే.

2. వరుసక్రమమా, మినహాయింపా?

ఒక వ్యక్తికి యజమాని ద్వారా ఒక రక్షణ, ప్రభుత్వం ద్వారా మరొక రక్షణ ఉన్నప్పుడు రెండింటినీ పొసగించడానికి రెండు పద్ధతులున్నాయి. ఎవరు ముందు చెల్లించాలి, ఎవరు తరువాత చెల్లించాలి అని వరుస నిర్ణయించడం మొదటిది. ఒకటి ఉంటే రెండవది లేదని తేల్చివేయడం రెండవది.

మొదటి పద్ధతికి అమెరికాలోని మెడికేర్ మంచి ఉదాహరణ. 2003లో చేసిన చట్టం ప్రకారం 2006 జనవరి 1 నుండి వృద్ధులకు మందుల రక్షణ కల్పించే ‘పార్ట్ డి’ అమలులోకి వచ్చింది. 65 ఏళ్లు దాటి ఇంకా ఉద్యోగంలో ఉన్న వ్యక్తి యజమాని వద్ద 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుంటే యజమాని బీమా ముందు చెల్లిస్తుంది, మెడికేర్ తరువాత చెల్లిస్తుంది. పదవీ విరమణ చేస్తే ఈ వరుస తారుమారవుతుంది. యజమాని ఇచ్చే మందుల రక్షణ సగటున పార్ట్ డి ప్రామాణిక స్థాయికి తగ్గకుండా ఉన్నదో లేదో యజమాని ఏటా అక్టోబరు 15లోపు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తగిన రక్షణ లేకుండా వరుసగా 63 రోజులు లేదా అంతకు మించి గడిపి ఆ తరువాత పార్ట్ డిలో చేరినవారు, రక్షణ లేని ప్రతి నెలకు మూల ప్రీమియంలో ఒక శాతం చొప్పున అదనంగా చెల్లిస్తూనే ఉండాలి. పిల్లల వద్దకు వెళ్లి శాశ్వత నివాస హోదాతో ఐదేళ్లు నిరంతరంగా గడిపిన తెలుగు తల్లిదండ్రులు ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరినప్పుడు ఎదుర్కొనే చిక్కుముళ్లలో ఇది ఒకటి. ఆ విధానం జటిలమైనదే; ఖర్చు విషయంలో దానిని ఆదర్శమనీ చెప్పలేము. కానీ యజమాని ఇస్తున్న మందుల రక్షణ ఎంతటిదో ఉద్యోగికి కాగితం మీద చెప్పి తీరాలన్న నియమం అందులో ఉంది. మన దేశంలో అటువంటి నియమం లేదు.

భారతదేశం ప్రధానంగా రెండవ పద్ధతిని ఎంచుకున్నది. ఉద్యోగరాజ్య బీమా చట్టం, 1948లోని 61వ సెక్షన్ ఈ చట్టం కింద ఒక ప్రయోజనానికి అర్హుడైన వ్యక్తి మరే ఇతర శాసనం కిందనైనా అటువంటి ప్రయోజనమే పొందడానికి వీలులేదని చెబుతుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ఈఎస్‌ఐ, సీజీహెచ్‌ఎస్, రైల్వే, ఆర్‌టీసీ వంటి పథకాల పరిధిలోని వారిని ఆ చికిత్సల విషయంలో అనర్హులుగానే పరిగణించింది. ఈ ‘ఒకటుంటే రెండవది లేదు’ అనే సూత్రంలో పాలనా సౌలభ్యం ఉన్నది. అయితే మొదటి పథకం కాగితం మీద ఉండి చేతికి అందనప్పుడు రెండవదాని తలుపు కూడా మూసే ఉంటుంది.

3. ఈఎస్‌ఐ: బిల్లు లేని బీమా

పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాపై ఆచార్య బి.పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఈఎస్‌ఐకి పునాది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ఈ పథకం ఆరంభమైంది. మొదట ఫ్యాక్టరీలకే పరిమితమైనా, చట్టంలోని 1(5) సెక్షన్ కింద జారీ అయిన నోటిఫికేషన్ల ద్వారా దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు, ప్రైవేటు విద్యా సంస్థలు, ప్రైవేటు ఆసుపత్రుల వరకు విస్తరించింది. దిల్‌సుఖ్‌నగర్ వంటి ప్రాంతానికి ఈఎస్‌ఐ వర్తించడం ఈ విస్తరణ ఫలితమే. ఇక్కడ పొగగొట్టాలు లేవు, తరగతి గదులు, షోరూములు ఉన్నాయి. 2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినట్లు కేంద్రం ప్రకటించడంతో 1948 చట్టపు విషయాలు సామాజిక భద్రతా కోడ్, 2020లోని నాలుగవ అధ్యాయంలోకి చేరాయి. ఇప్పటివరకు స్థిరపడిన ఆచరణ అంతా పాత చట్టం మీద నిర్మితమైనదే కనుక ఈ వ్యాసంలో సెక్షన్ల సంఖ్యలు 1948 చట్టానివే ఇవ్వబడ్డాయి.

పథకం ఆర్థిక స్వరూపం సరళమైనది. 2019 జులై 1 నుండి యజమాని వాటా వేతనంలో 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. నెలకు 20,000 రూపాయల వేతనం గల అధ్యాపకుడి విషయంలో ఉద్యోగి నుండి 150 రూపాయలు, యజమాని నుండి 650 రూపాయలు, వెరసి 800 రూపాయలు కార్పొరేషనుకు జమ అవుతాయి. దీనికి ప్రతిఫలంగా అతనికి, భార్యాపిల్లలకు, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం, మందులు లభిస్తాయి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం లేదు. ఔట్ పేషెంట్ మందులకు గరిష్ఠ పరిమితి లేదు. ఇంత తక్కువ మొత్తానికి నిత్యం వాడే మందులతో సహా రక్షణనిచ్చే బీమా బహిరంగ మార్కెట్టులో దొరకదు. ఈఎస్‌ఐపై వినవచ్చే విమర్శలలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

ఈ రక్షణ డబ్బు రూపంలో కాక సేవల రూపంలో ఉంటుందనేది ఇక్కడ గుర్తించవలసిన అంశం. డిస్పెన్సరీ వైద్యుడు చీటీ రాస్తాడు, అక్కడి ఫార్మసీ మందు ఇస్తుంది. మధ్యలో బిల్లు లేదు. బిల్లు లేనిచోట ‘ఎవరు ముందు చెల్లించాలి’ అనే ప్రశ్నకు తావు లేదు. దాని స్థానంలో ‘మందు అలమరలో ఉన్నదా లేదా’ అనే ప్రశ్న తలెత్తుతుంది. 58వ సెక్షన్ ప్రకారం వైద్యసేవ అందించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. నిర్ణీత పరిమితికి లోబడి వ్యయంలో ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషను, ఒక వంతు రాష్ట్రం భరిస్తాయి. చందా వసూలు చేసేది ఒక సంస్థ, మందు కొనేది మరొక శాఖ. ఈ రెండింటి మధ్య నిధుల విడుదల, కొనుగోలు ఉత్తర్వులు, నిల్వల లెక్కలు ఉంటాయి. తెలంగాణలో ఈ బీమా వైద్యసేవల శాఖలోనే, రేటు కాంట్రాక్టు లేని సంస్థల నుండి అధిక ధరలకు మందులు కొన్నారన్న అభియోగంపై 2019 సెప్టెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసి అప్పటి డైరెక్టరును అరెస్టు చేసింది. న్యాయస్థానంలో ఏది తేలినప్పటికీ, నెలనెలా 150 రూపాయలు కోత పడే ఉద్యోగికీ మాత్రకూ మధ్య ఎన్ని చేతులు ఉన్నాయో ఆ ఉదంతం తెలియజేసింది.

దూరం మరొక విషయం. ఎల్‌బీ నగర్ నివాసికి పెద్ద ఈఎస్‌ఐ ఆసుపత్రులు నాచారంలోనూ, సనత్‌నగర్‌లోనూ ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్‌బీ నగర్ మెట్రో మార్గం ప్రారంభమైనప్పటి నుండి రైలు మారకుండానే ‘ఈఎస్‌ఐ హాస్పిటల్’ స్టేషనులో దిగవచ్చు. కోచింగ్ సంస్థల ప్రకటనల్లో కనిపించని సౌకర్యమిది. కానీ నెలకొకసారి రక్తపోటు మాత్రల కోసం సగం రోజు సెలవు పెట్టి నగరాన్ని అడ్డంగా దాటవలసి వస్తే, దినసరి లెక్కన జీతం పొందే అమ్మకపు సిబ్బందికి ఆ ఉచిత మందు ఉచితం కాదు. అందుకే చందా కడుతూనే వీధి చివర మందుల షాపులో కొనుక్కునేవారు కనిపిస్తారు. చందా ఒకచోట, ఖర్చు మరొకచోట.

4. 21,000 రూపాయల గీత

2017 జనవరి 1 నుండి ఈఎస్‌ఐ వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు; దివ్యాంగులకు 25,000. అంతకు ముందు 2010 నుండి అది 15,000గా ఉండేది. ఓవర్‌టైమ్ చెల్లింపును చందా లెక్కలో కలుపుతారు గాని పరిమితి లెక్కలో కలపరు. ఈ సూక్ష్మం తెలియక ఓవర్‌టైమ్ వచ్చిన నెలలో ఉద్యోగిని జాబితా నుండి తొలగించడం తప్పు.

మరింత ముఖ్యమైనది ఏమిటంటే, గీత దాటిన మరునాడే రక్షణ పోదు. ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఒక చందా కాలం. అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు మరొకటి. మొదటి దానికి తరువాతి జనవరి 1 నుండి జూన్ 30 వరకు, రెండవ దానికి జులై 1 నుండి డిసెంబరు 31 వరకు ప్రయోజన కాలాలు. చందా కాలం మధ్యలో వేతనం పరిమితిని మించినా ఆ కాలం ముగిసేవరకు చందా కొనసాగాలి. ఒక కళాశాల అధ్యాపకుడి వేతనం జూన్ నెలలో 20,000 నుండి 21,800కు పెరిగిందనుకుందాం. సెప్టెంబరు 30 వరకు అతని చందా కట్టవలసిందే. ఆ కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే, దానికి అనుగుణమైన ప్రయోజన కాలం మరుసటి ఏడాది జూన్ 30న ముగిసేవరకు వైద్య ప్రయోజనం నిలిచి ఉంటుంది. ఈఎస్‌ఐ సాధారణ నిబంధనలలోని 103-ఎ దీనికి ఆధారం. అంటే జీతం పెరిగిన నాటి నుండి దాదాపు ఏడాది. ఈ ఏడాదిని వినియోగించుకునేవారు తక్కువ. ‘మీకు ఈఎస్‌ఐ పోయింది’ అని జీతాల గుమస్తా చెప్పిన రోజునే మందుల చీటీ పట్టుకొని బయటి షాపుకు పోవడం సర్వసాధారణం.

ఆ ఏడాది కూడా ముగిసిన తరువాత ఏమిటి? ఇక్కడే సమస్య తీవ్రత బయటపడుతుంది. తెలంగాణలో పట్టణ కుటుంబాలకు ఆహార భద్రతా కార్డు ఆదాయ పరిమితి ఏడాదికి 2,00,000 రూపాయలు. నెలకు చూస్తే 16,667 దాటదు. ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల గుర్తింపు ఆ కార్డు ఆధారంగానే జరుగుతూ వచ్చింది. నియమాలను అక్షరాలా అన్వయిస్తే, ఏకైక సంపాదనపరుడి వేతనం 21,000 దాటగానే అతను ఈఎస్‌ఐకి అనర్హుడు, ఆరోగ్యశ్రీకి అంతకు ముందే అనర్హుడు. 1,800 రూపాయల జీతపు పెంపు కుటుంబం మొత్తానికి ఉన్న మందుల రక్షణను తీసుకుపోతుంది. ముగ్గురు నలుగురు సభ్యులలో ఒకరికి ఇన్సులిన్ అవసరమైతే ఆ పెంపు ఏపాటిదో లెక్క వేయడానికి అర్థశాస్త్ర పరిజ్ఞానం అక్కరలేదు. ప్రైవేటు కళాశాలల అధ్యాపకులలో గణనీయమైన వర్గం ఈ గీతకు ఇటూ అటూ ఉన్నవారే కావడం ఈ చర్చను విద్యాలోకానికి దగ్గర చేస్తుంది.

నియామక పత్రాలలో ‘సీటీసీ’ పేరిట యజమాని వాటా 3.25 శాతాన్ని కూడా ఉద్యోగి జీతంలో భాగంగా చూపే ఆచారం మరొక పేచీ. యజమాని వాటాను ఉద్యోగి వేతనం నుండి మినహాయించరాదని 40వ సెక్షన్ చెబుతున్నది. చందా కట్టవలసి వచ్చిందన్న కారణంగా వేతనాన్ని తగ్గించరాదని, సర్వీసు షరతుల ప్రకారం అప్పటికే ఉన్న అటువంటి ప్రయోజనాలను నిబంధనలు అనుమతించినంత మేరకు తప్ప నిలిపివేయరాదని 72వ సెక్షన్ నిషేధిస్తున్నది. ఒప్పుకున్న మొత్తాన్ని మొదటే తక్కువగా నిర్ణయించడం ఈ సెక్షన్ల అక్షరాన్ని దాటకపోవచ్చు. వాటి ఉద్దేశాన్ని మాత్రం నిస్సందేహంగా దాటుతుంది.

5. గ్రూప్ పాలసీలో మందు ఎక్కడ?

గీత దాటిన ఉద్యోగికి కొన్ని సంస్థలు గ్రూప్ ఆరోగ్య పాలసీ కల్పిస్తాయి. కొవిడ్ సమయంలో, 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ జారీ చేసిన మార్గదర్శకాలలో పని తిరిగి ప్రారంభించే సంస్థలు కార్మికులకు వైద్య బీమా కల్పించాలని చేర్చడం, మరునాడు బీమా నియంత్రణ సంస్థ ఆ మేరకు బీమా కంపెనీలకు సూచనలివ్వడం ఈ దిశలో ఒక మలుపు. గ్రూప్ పాలసీకి సొంత సుగుణాలున్నాయి. ముందున్న వ్యాధులకు నిరీక్షణ కాలాన్ని సాధారణంగా ఎత్తివేస్తారు, నచ్చిన ఆసుపత్రిలో చేరవచ్చు. ఉద్యోగం పోయినప్పుడు అదే కంపెనీ వద్ద వ్యక్తిగత పాలసీకి మారే అవకాశమూ నియంత్రణ సంస్థ నియమాలలో ఉన్నది. అడిగినవారికే అది దక్కుతుంది.

కానీ ఈ పాలసీలు స్వభావరీత్యా ఆసుపత్రి పాలసీలు. కనీసం 24 గంటలు ఇన్‌పేషెంటుగా ఉండాలన్నది మూల నియమం. డే కేర్ చికిత్సలు దీనికి మినహాయింపు. మందులు మూడు చోట్ల మాత్రమే చోటు చేసుకుంటాయి: ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చేరడానికి ముందు సాధారణంగా 30 రోజులు, బయటకు వచ్చాక సాధారణంగా 60 రోజులు. ఆ ముందు, వెనుక రోజుల మందులు కూడా ఆసుపత్రిలో చేరిన జబ్బుకు సంబంధించినవై ఉండాలి, ఆ ఆసుపత్రి క్లెయిము అదే పాలసీ కింద ఆమోదం పొంది ఉండాలి. అందుచేత శస్త్రచికిత్స ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చేయించుకొని, తరువాతి మందులను భార్య పనిచేసే సంస్థ గ్రూప్ పాలసీలో పొందుదామనుకుంటే సాధారణంగా సాధ్యం కాదు. ప్రధాన క్లెయిము లేనిచోట అనుబంధ క్లెయిము నిలబడదు. అదే రెండు ప్రైవేటు పాలసీల విషయంలోనైతే పాలసీదారుడు తనకు నచ్చిన పాలసీని ముందు ఎంచుకొని, మిగిలిన మొత్తాన్ని రెండవ దాని నుండి కోరవచ్చు. వరుసక్రమ పద్ధతి మన దేశంలో ప్రైవేటు పాలసీల మధ్య ఉన్నది, ప్రభుత్వ పథకానికీ ప్రైవేటు పాలసీకీ మధ్య లేదు.

నిత్యం వాడే మందులకు యజమానులు ఒకప్పుడు వేరొక మార్గం చూపేవారు. ఏడాదికి 15,000 రూపాయల వరకు వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటుపై ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మందుల షాపుల బిల్లులు పోగుచేసి కార్యాలయంలో సమర్పించే ఆ తతంగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో కొంత కృత్రిమత్వం ఉన్నమాట నిజమే. కానీ యజమాని ఖర్చుతో మాత్ర కొనడానికి చట్టం గుర్తించిన ఏకైక సులభ మార్గం అదే. 2018 ఆర్థిక చట్టం దానిని, రవాణా భత్యపు మినహాయింపునూ తొలగించి 40,000 రూపాయల ప్రామాణిక తగ్గింపును తెచ్చింది. గుమస్తాల పని తేలికైంది. మందు అనే పదం జీతపు చీటీ నుండి తొలగిపోయింది.

6. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్: పరిమితి పెరిగింది, పరిధి అదే

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచింది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో రాష్ట్రం 2021 మే నెలలో చేరింది. ఈ రెండింటిలోనూ మందు ప్యాకేజీలో భాగం. ఆయుష్మాన్ భారత్‌లో ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, బయటకు వచ్చాక 15 రోజుల మందులు లెక్కలోకి వస్తాయి. పదహారవ రోజున రోగి మళ్లీ మందుల షాపు ముందే నిలబడతాడు. గుండెకు స్టెంటు వేయడానికి లక్షలు వెచ్చించే పథకం, ఆ స్టెంటు మూసుకుపోకుండా ఏడాది పొడవునా వాడవలసిన మాత్రల విషయంలో వెనుకబడితే మొదట పెట్టిన ఖర్చు కూడా నష్టపోయే ప్రమాదం ఉన్నది. పరిమితిని 10 లక్షలకు పెంచడం వార్త అవుతుంది. పదిహేను రోజులను తొంభైకి పెంచడం వార్త కాదు.

డెబ్బై ఏళ్లు దాటిన వృద్ధుల విషయంలో కేంద్రం 2024 అక్టోబరు 29న ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల రక్షణ ప్రారంభించింది. ఇందులో పాటించిన నియమం గమనార్హం. సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల పథకం వంటి వాటిలో ఉన్నవారు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు, ఈఎస్‌ఐలో ఉన్నవారు మాత్రం ఉన్నదానిని ఉంచుకొనే దీనిని పొందవచ్చు. కనుక కొత్తపేట దుకాణంలో పనిచేసే కొడుకుపై ఆధారపడిన డెబ్బై రెండేళ్ల తల్లి, కొడుకు ఈఎస్‌ఐ ద్వారా నెలవారీ మందులు, ఈ పథకం ద్వారా ఆసుపత్రి చికిత్స పొందవచ్చు. ‘ఒకటుంటే రెండవది లేదు’ అన్న సూత్రం నుండి ‘ఒకదాని పక్కన మరొకటి’ అన్న దిశలో ఇది స్పష్టమైన అడుగు. అదే ఏడాది నవంబరులో ఈఎస్‌ఐ లబ్ధిదారులకు ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రులను అందుబాటులోకి తెచ్చే అనుసంధానాన్ని కార్పొరేషను ప్రకటించింది. ఇవన్నీ పడకకు సంబంధించిన సడలింపులు. ఫార్మసీ కిటికీ వద్ద ఏమీ మారలేదు.

7. వనస్థలిపురం: ప్రభుత్వమే యజమాని అయినప్పుడు

ప్రభుత్వోద్యోగి విషయంలో యజమాని, బీమాదారు ఒక్కరే. 1972 నాటి సమగ్ర వైద్య సహాయ నియమాల కింద మొదట ఖర్చు పెట్టి తరువాత రీయింబర్స్‌మెంటు కోరే పద్ధతి దశాబ్దాలపాటు నడిచింది. 2013 తరువాత నగదు రహిత ఉద్యోగుల ఆరోగ్య పథకం రూపుదిద్దుకున్నది. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వోద్యోగులు, పింఛనుదారులు, పాత్రికేయుల కోసం నెలకొల్పిన వెల్‌నెస్ సెంటర్లలో ఖైరతాబాదు తరువాత వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి ఆవరణలోనిది తొలితరానికి చెందినది. ఔట్ పేషెంట్ మందు బీమాలో భాగమన్న ఆలోచనకు ఈ ప్రాంతంలో కళ్లెదుట కనిపించే రూపం ఇదే. మధుమేహం ఉన్న పింఛనుదారు ఆసుపత్రిలో చేరనవసరం లేదు. చీటీ, కార్డు చాలు. ఇక్కడా నిల్వల సమస్య ఉంటుంది. చీటీలో ఉన్న నాలుగింటిలో రెండు మందులు దొరికి రెండు దొరకకపోవడం అరుదేమీ కాదు. అయినా సూత్రం సరైనది.

ఆర్‌టీసీ కార్మికుల సంగతి దీనికి దగ్గరిది. సంస్థకు తార్నాకలో సొంత ఆసుపత్రి ఉంది. డిపో కార్మికుడికి మందు యజమాని ఫార్మసీ నుండే అందుతుంది. ఉద్యోగుల ఆరోగ్య పథకం ఆర్‌టీసీ, ఈఎస్‌ఐ, సీజీహెచ్‌ఎస్ పరిధిలోని వారిని తన నుండి మినహాయించింది. భర్త ఆర్‌టీసీ, భార్య ప్రభుత్వోపాధ్యాయురాలు అయిన ఇంటిలో పిల్లలు ఏ కార్డులో ఉండాలో ముందుగా నిర్ణయించుకోకపోతే అత్యవసర సమయంలో రెండు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఈ రక్షణలేవీ లేనివారు ఇదే రహదారి మీద ఉన్నారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు హమాలీలకు యజమాని అంటూ ఒక్కరు ఉండేవారు కాదు. మార్కెట్టు బాటసింగారానికి తరలిపోగా, ఆ స్థలంలో 2022 ఏప్రిల్ 26న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అటువంటివారికి రోజువారీ మందు లభించే చోటు బస్తీ దవాఖానాయే. 2018 ఏప్రిల్‌లో నగరంలో మొదలైన ఈ దవాఖానాలు కార్డు అడగకుండా రక్తపోటు, మధుమేహం మందులు ఇస్తాయి. ఈఎస్‌ఐ చందా కట్టే ఉద్యోగి కూడా అక్కడికి వెళ్లవచ్చు, వెళుతున్నాడు కూడా. చందా కట్టని వ్యవస్థ చందా కట్టే వ్యవస్థ లోటును పూడ్చడం ఆరోగ్య ఆర్థికశాస్త్ర పరిశోధకులు ఈ ప్రాంతంలోనే క్షేత్ర పర్యటన ద్వారా కొలవదగిన అంశం. చీటీ రాసిన చోటు, మందు తీసుకున్న చోటు, చందా జమ అయిన చోటు – ఈ మూడింటినీ ఒకే కుటుంబం విషయంలో నమోదు చేస్తే చాలు.

8. ఉద్యోగం ముగిసిన తరువాత

కనీసం ఐదేళ్లు బీమా వ్యక్తిగా ఉండి వయోపరిమితి కారణంగా పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు చెల్లించి తమకూ, జీవిత భాగస్వామికీ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకు పది రూపాయలు. మందులు అత్యధికంగా అవసరమయ్యే వయసులో ఇంతకు మించిన రక్షణ ఊహించలేము. అయితే దీనికి పదవీ విరమణ నాటికి బీమా పరిధిలోనే ఉండాలి. పాతికేళ్లు చందా కట్టి, ఆఖరి మూడేళ్లలో వేతనం 21,000 దాటిన అధ్యాపకుడు ఆ గీత కారణంగానే ఈ అవకాశానికి దూరమయ్యేవాడు. కార్పొరేషను 2024 ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో ఈ అసంగతాన్ని పరిగణనలోకి తీసుకున్నది. 2012 ఏప్రిల్ 1 తరువాత కనీసం ఐదేళ్లు బీమా పరిధిలో ఉండి, వేతన పరిమితి దాటినందువల్ల బయటకు వెళ్లి, 2017 ఏప్రిల్ 1న గానీ ఆ తరువాత గానీ నెలకు 30,000 రూపాయలకు మించని వేతనంతో పదవీ విరమణ చేసినవారికి కూడా వైద్య ప్రయోజనం వర్తింపజేయాలని ఆమోదించింది. విరమణ చేసినవారి విషయంలో గీతను 30,000 వరకు జరిపిన సంస్థ, ఉద్యోగంలో ఉన్నవారి విషయంలో 2017 నాటి 21,000ను ఏ ప్రాతిపదికన నిలిపి ఉంచుతున్నదో వివరించవలసి ఉన్నది. అంతవరకు ఏటా జీతాల సవరణ జరిగే వేళ ఉద్యోగి తన కొత్త వేతనంతో పాటు చందా కాలం ఏ తేదీన ముగుస్తుందో, ప్రయోజన కాలం ఏ తేదీ వరకు ఉంటుందో, సంస్థ ఇచ్చే గ్రూప్ పాలసీలో ఔట్ పేషెంట్ మందుల ప్రస్తావన ఉన్నదో లేదో కాగితం మీద అడిగి తీసుకోవలసి ఉంటుంది.